వాషింగ్ మెషీన్‌లో నీరు నిండదు, దిగదు: లోపాన్ని పట్టించే పీడన సూత్రం

వాషింగ్ మెషీన్ మొరాయించినప్పుడు ఇళ్లలో తరచుగా వినిపించే ఫిర్యాదులు రెండు. నీరు పట్టడం లేదన్నది ఒకటి, పట్టిన నీరు బయటికి పోవడం లేదన్నది మరొకటి. అనుమానం మాత్రం వెంటనే మోటారు మీదకో, సర్క్యూట్ బోర్డు మీదకో పోతుంది. బోర్డు మార్చడం ఖర్చుతో కూడిన పని. తీరా మార్చాక చూస్తే అసలు లోపం కుళాయి దగ్గరి జాలిలోనో, వెనకున్న పైపు మడతలోనో, వేలెడు లావు కూడా లేని గాలి గొట్టంలోనో ఉండవచ్చు. వీటిని పట్టుకోవడానికి హైస్కూలులో చదువుకున్న ఒక సూత్రం చాలా వరకు సరిపోతుంది. నీటి పీడనం ఆ నీటి ఎత్తును బట్టి ఉంటుంది.

యంత్రంపై చెయ్యి వేసే ముందు ఒక జాగ్రత్త తప్పనిసరి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ తీసేయాలి. తడి నేల, 230 వోల్టుల విద్యుత్తు ఒకచోట ఉన్నప్పుడు ఎర్తింగ్ సరిగా లేకపోతే ప్రాణాపాయం.

ట్యాంకు పెద్దదైతే చాలదు, ఎత్తులో ఉండాలి

నీటి మట్టం ప్రతి 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ పీడనాన్ని ఇస్తుంది. ట్యాంకు 500 లీటర్లదా, 2000 లీటర్లదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. నాలుగంతస్తుల భవనంలో మేడ మీది ట్యాంకు నుంచి కింది అంతస్తులోని యంత్రానికి 12 మీటర్ల ఎత్తు ఉంటే, అక్కడ దాదాపు 1.2 బార్ పీడనం ఉంటుంది. అదే భవనంలో పై అంతస్తులోని యంత్రానికీ ట్యాంకు నీటి మట్టానికీ మధ్య ఎత్తు రెండు మూడు మీటర్లే కావచ్చు. అంటే 0.2 నుంచి 0.3 బార్ మాత్రమే. చాలా యంత్రాల మాన్యువళ్లు కనీసం 0.3 లేదా 0.5 బార్ అయినా కావాలంటాయి. అందుకే కింది వాటాలో చక్కగా పనిచేసిన యంత్రం పై వాటాకు మారగానే ‘నీరు రావడం లేదు’ అని హెచ్చరిక చూపవచ్చు. యంత్రం పాడవలేదు, దాని పైనున్న నీటి ఎత్తు తగ్గింది.

దీన్ని పరీక్షించడానికి ఒక బకెట్ చాలు. యంత్రానికి నీరు తెచ్చే పైపును వెనక నుంచి విప్పి, కుళాయి తిప్పి, 10 లీటర్ల బకెట్‌లోకి వదలాలి. ఒకటి రెండు నిమిషాల్లో నిండితే నీటి సరఫరాను పెద్దగా అనుమానించనక్కర్లేదు. అయిదారు నిమిషాలు పడితే లోపం యంత్రం బయటే ఉందన్నమాట. ట్యాంకు స్టాండును రెండు మీటర్లు పెంచితే పీడనం 0.2 బార్ పెరుగుతుంది. అది కుదరకపోతే చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకోవాలి.

కుళాయిలో ధార బాగానే ఉండి యంత్రంలోకి మాత్రం సన్నగా వస్తుంటే, పైపు బిగించే చోట ఉండే చిన్న జాలిని చూడాలి. ట్యాంకులోని ఇసుక, తుప్పు, పాచి అక్కడే చేరతాయి. బోరు నీరు వాడే ఇళ్లలో దీనికి తెల్లటి పొర కూడా తోడవుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీటి వనరు లేనిచోట 600 వరకు అనుమతిస్తారు. కఠిన జలంలోని కాల్షియం కార్బొనేట్ జాలి రంధ్రాలను క్రమంగా మూసేస్తుంది. జాలిని నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆ పొర కరిగిపోతుంది.

ప్లగ్ తీసినా నీరు వస్తోందా?

జాలి వెనకే సోలినాయిడ్ వాల్వు ఉంటుంది. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినప్పుడు అది అయస్కాంతమై లోపలి చిన్న ఇనుప కడ్డీని లాగుతుంది. దాంతో ఒక సన్నని రంధ్రం తెరుచుకుంటుంది. అప్పుడు నీటి పీడనమే రబ్బరు పొరను పైకి నెట్టి దారి ఇస్తుంది. విద్యుత్తు ఆగగానే అదే పీడనం రబ్బరు పొరను నొక్కి దారి మూసేస్తుంది. తెరవడానికీ మూయడానికీ ఎక్కువ శ్రమ నీటిదే. కాబట్టి పీడనం మరీ తక్కువైతే ఈ వాల్వు సరిగా తెరుచుకోదు, ఒక్కోసారి గట్టిగా మూసుకోదు కూడా.

నీరు ఆగకుండా నిండిపోతుంటే చేయదగ్గ తేలికైన పరీక్ష ఒకటుంది. నిండుతుండగానే స్విచ్ ఆపి ప్లగ్ తీసేయాలి. అయినా నీరు వస్తుంటే లోపం వాల్వులోనే ఉంది. ఇసుక రేణువో, అరిగిన రబ్బరు పొరో దాన్ని మూసుకోనివ్వడం లేదు. ప్లగ్ తీయగానే ధార ఆగిపోతే వాల్వు బాగానే ఉన్నట్టు. దాన్ని ఇంకా తెరిచే ఉంచమని చెబుతున్నది వేరే భాగం.

నీటిని కొలిచేది గాలి

ఎంత నీరు నిండిందో యంత్రానికి ఎలా తెలుస్తుంది? చాలా యంత్రాల్లో టబ్బు అడుగున ఒక చిన్న గది ఉంటుంది. అక్కడి నుంచి ఒక సన్నని గొట్టం పైనున్న ప్రెషర్ సెన్సర్ దాకా వెళుతుంది. నీరు పెరిగే కొద్దీ గొట్టంలో చిక్కుకున్న గాలి నొక్కుకుపోతుంది. ఆ గాలి పీడనాన్ని కొలిచి నీటి మట్టాన్ని లెక్కగడతారు. 30 సెంటీమీటర్ల నీరు కలిగించే అదనపు పీడనం సుమారు 3 కిలోపాస్కళ్లు. వాతావరణ పీడనంలో అది దాదాపు 3 శాతమే. ఇంత చిన్న తేడాను పట్టుకోవాలంటే గొట్టంలోని గాలి బయటికి పోకూడదు.

గొట్టానికి సూదిమొనంత చిల్లు పడితే గాలి మెల్లగా జారిపోతుంది. టబ్బు నిండా నీరున్నా మట్టం తగ్గిందనుకుని యంత్రం ఇంకా నీరు పట్టుకుంటూనే ఉంటుంది. గొట్టం అడుగున సబ్బు జిగురు, బట్టల పీచు పేరుకుపోతే దీనికి విరుద్ధంగా జరగవచ్చు. నీరంతా పోయినా గాలి లోపలే బిగుసుకుని ఉంటుంది. టబ్బు ఇంకా నిండే ఉందనుకుని యంత్రం బట్టలను పిండదు, కొత్త నీరూ పట్టదు. ఈ లక్షణాలు చూసినప్పుడే చాలామంది బోర్డు పోయిందనుకుంటారు. బోర్డు మార్చాలని మెకానిక్ చెబితే, ముందుగా ఈ గొట్టాన్ని విప్పి శుభ్రం చేసి చూడమని అడగవచ్చు.

డ్రెయిన్ పైపు పైకా, కిందికా?

నీరు బయటికి పోవడంలో యంత్రాలు రెండు రకాలు. ఫ్రంట్ లోడ్ యంత్రాల్లో పంపు నీటిని పైకి ఎత్తి పారబోస్తుంది. మన దేశంలో అమ్ముడయ్యే చాలా టాప్ లోడ్ యంత్రాల్లో, సెమీ ఆటోమేటిక్ వాటిలో పంపు ఉండదు. టబ్బు అడుగు వాల్వు తెరుచుకుంటే నీరు తన బరువుతోనే జారిపోతుంది. పంపు లేని యంత్రం పైపును గడప మీదుగానో, సింకులోకో ఎత్తితే నీరు దిగదు. పైపు నేల మీదే, వాలుగా ఉండాలి.

ఫ్రంట్ లోడ్ యంత్రంలో జరిగే పొరపాటు దీనికి పూర్తిగా వ్యతిరేకం. పైపు చివరను నేల మీద వదిలేస్తే సైఫన్ ఏర్పడవచ్చు. చిన్ని కృష్ణుడి పాదం తాకేదాకా నీరు నింపితే మొత్తం ఖాళీ అయిపోయే వాసుదేవ పాత్ర చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ పాత్రలో దాగిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. పైపు చివర టబ్బులోని నీటి మట్టం కన్నా దిగువన ఉంటే, ఒకసారి మొదలైన ధార దానంతటదే సాగుతుంది. ఒకవైపు నీరు నిండుతుంటే మరోవైపు పోతూనే ఉంటుంది. పైపును మురుగు గొట్టంలోకి గాలి చొరబడనంత బిగుతుగా దూర్చినా ఇదే ప్రమాదం. మాన్యువల్ చెప్పిన ఎత్తులో, సాధారణంగా నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య, పైపును తగిలించాలి. మరీ ఎత్తుకు లేపితే పంపు దాన్ని నెట్టలేదు.

ఎంతసేపైనా నీటి మట్టం పెరగకపోతే, నిండుతున్న సమయంలో డ్రెయిన్ పైపు చివర చూడండి. అక్కడ నీరు కారుతుంటే పంపు ఉన్న యంత్రంలో సైఫన్‌ను అనుమానించాలి. పంపు లేనిదైతే అడుగు వాల్వులో బొత్తామో, నాణెమో అడ్డుపడి ఉండవచ్చు.

పంపు చప్పుడు వినండి

ఫ్రంట్ లోడ్ యంత్రంలో నీరు దిగనప్పుడు పంపు చప్పుడే చాలా సంగతులు చెబుతుంది. గుయ్‌మని మోగుతూ నీరు కదలకపోతే పంపు రెక్కకు ఏదో అడ్డుపడింది, లేదా పైపు మడతపడింది. అసలు చప్పుడే లేకపోతే విద్యుత్తు వైపు లోపం కావచ్చు. అది మెకానిక్ చూడాల్సిన పని. యంత్రం ముందు భాగంలో అడుగున ఉండే చిన్న తలుపు వెనక ఫిల్టర్ ఉంటుంది. చిల్లర నాణేలు, పిన్నీసులు, హెయిర్‌పిన్నులు, పీచు అక్కడే చిక్కుకుంటాయి. వేడినీటి ఉతుకు అయితే నీరు చల్లారనివ్వాలి. పళ్లెం పెట్టి, పక్కనున్న చిన్న గొట్టంతో నీరు తీసేశాక ఫిల్టర్‌ను మెల్లగా విప్పాలి. డిటర్జెంట్ ఎక్కువైనా పంపు తడబడుతుంది. నురగలో ఉన్నది ఎక్కువగా గాలే కాబట్టి పంపు రెక్క దాన్ని నెట్టలేదు.

తెర మీద కనిపించే సంకేతాలు కూడా వెతకాల్సిన దిక్కును చూపిస్తాయి. ఎల్‌జీ యంత్రాల్లో ‘ఐఈ’ నీరు పట్టడంలో, ‘ఓఈ’ నీరు పోవడంలో సమస్యను సూచిస్తాయి. శామ్‌సంగ్‌లో వాటికి ‘4సీ’, ‘5సీ’ వాడతారు. అయితే ఏ భాగం పాడైందో ఆ సంకేతం చెప్పదు. నిర్ణీత సమయంలో మట్టం పెరగలేదనో, తగ్గలేదనో మాత్రమే చెబుతుంది. కారణం వెతకడం మన పని. ముందు కుళాయి, జాలి, పైపు ఎత్తు, ఫిల్టర్ చూడాలి. తర్వాత గాలి గొట్టం, వాల్వు, పంపు. సర్క్యూట్ బోర్డు వంతు చిట్టచివర రావాలి. ఈ వరుస పాటిస్తే డబ్బుతో పాటు ప్రతి ఉతుకులో వృథాగా పోయే బకెట్ల కొద్దీ నీరు కూడా మిగులుతుంది.