పందెం కారు వెనక చక్రం వంగితే... మరీ గట్టిగా బాగుచేసినా తప్పే!

కార్ల పందేలనగానే టీవీలో కనిపించే కోట్ల ఖరీదు కార్లూ, ఒంటినిండా కంపెనీల పేర్లు అంటించుకున్న డ్రైవర్లూ గుర్తొస్తారు. కానీ వారమంతా ఆఫీసుకెళ్ళి, శని ఆదివారాల్లో సొంత కారుతో పందేనికి దిగే మామూలు సంసారులూ ఉన్నారు. అమెరికాలో ఇలాంటివారి కోసం స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1944 నుంచి నడుస్తోంది. ఆ పందేల్లో మలుపుల దగ్గర జెండాలు ఊపేవాళ్ళు కూడా జీతం లేకుండా సరదాకొద్దీ వచ్చినవాళ్ళే.

ఈ ఆటలో ఒక చిత్రమైన సంగతి ఉంది. కారు దెబ్బతింటే బాగుచేసుకోవచ్చు. కానీ ముందున్నదానికన్నా 'మెరుగ్గా' బాగుచేస్తే మాత్రం ఒప్పుకోరు! ఇదేం చోద్యం అంటారా? చూడండి మరి.

అందరికీ ఒకే పొయ్యి, ఒకే బియ్యం

మహిళామండలిలో పులిహోర పోటీ పెట్టారనుకోండి. ఒకావిడ ఖరీదైన బాస్మతి, జీడిపప్పు, నెయ్యి తెచ్చుకుని, ఇంకొకావిడ రేషన్ బియ్యంతో వస్తే పోటీ ఎక్కడిది? అదే అందరికీ ఒకే బియ్యం, ఒకే చింతపండు ఇస్తే చేతి మహిమ తెలుస్తుంది.

క్లబ్బు పందేల్లో 'స్పెక్ మియాటా' అనే విభాగం అచ్చంగా ఇలాంటిదే. మాజ్డా కంపెనీ 1989లో విడుదల చేసిన చిన్న రెండు సీట్ల కారు మియాటా. ఈ విభాగంలో అందరూ నడిపేది ఆ కారు పాత మోడళ్ళే. స్ప్రింగులు, షాకబ్జార్బర్లు, టైర్లు అందరికీ ఒకే రకం. డ్రైవరుతో కలిపి ఇంత బరువు ఉండాలనీ నియమమే. 2006 నుంచి జాతీయస్థాయి ఫైనల్స్‌లోనూ ఈ విభాగానికి చోటు దక్కింది.

రూల్సు పుస్తకం తీరు కూడా గమ్మత్తుగా ఉంటుంది. చేయకూడనివన్నీ రాయరు. 'చేయవచ్చు' అని ఎక్కడైనా రాసి ఉంటేనే చేయాలి. రాయనిది ఏదైనా సరే, చేయకూడదన్నమాటే!

వెనక చక్రం కథ

కారు చక్రం నేరుగా బాడీకి అతికి ఉండదు. మధ్యలో ఇనుప చేతులు, స్ప్రింగులు, రబ్బరు బుష్‌లు ఉంటాయి. వీటన్నిటినీ కలిపి సస్పెన్షన్ అంటారు. మియాటాలో ఒక్కో చక్రాన్నీ పైనొకటి, కిందొకటి రెండు చేతులు పట్టుకుని ఉంటాయి. ఇంజను బలం వెళ్ళేది వెనక చక్రాలకే కాబట్టి అక్కడ చిన్న తేడా వచ్చినా కారు మాట వినదు.

మనం పాదాలు కొంచెం లోపలికి తిప్పి ఒకలా, బయటికి తిప్పి ఒకలా నిలబడవచ్చు కదా! చక్రాలూ అంతే. వెనక చక్రాల ముందు అంచులు రవ్వంత లోపలికి చూస్తుంటే కారు నిలకడగా పోతుంది. బయటికి తిరిగాయా, మలుపులో కారు తోక విసురుతుంది. ఈ తేడా మిల్లీమీటర్లలోనే ఉంటుంది. పక్క కారు తగిలినా, ట్రాక్ అంచు గట్టుకి గుద్దుకున్నా ఇనుప చెయ్యి వంగి ఈ లెక్క తప్పుతుంది.

నట్టు ఊడితే కదా!

వంగినది విప్పి కొత్తది బిగించడం చెప్పినంత సులువు కాదు. మంచు కురిసే ప్రాంతాల్లో రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఊరగాయ జాడీకి ఇనుపమూత పెడితే ఏమవుతుందో ఆ కార్ల అడుగు భాగానికీ అదే గతి. బోల్టులు తుప్పుపట్టి, బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోతాయి. సుత్తి దెబ్బలకీ, నూనెకీ లొంగకపోతే రంపంతో కోయాల్సిందే. పైగా చక్రాన్ని సరిచేసే సర్దుబాటు బోల్టు కూడా అదే. అది కదలకపోతే అలైన్‌మెంట్ కుదరదు.

శనివారం సాయంత్రం చెయ్యి వంగి, ఆదివారం పొద్దున్నే పందెం ఉందనుకోండి. 'ఇదే చేతికి ఇనుపరేకు వెల్డింగ్ చేసి గట్టిపరిస్తే మళ్ళీ వంగదు కదా' అనిపించడం సహజం. అక్కడే రూలు అడ్డొస్తుంది.

బలంగా చేస్తే తప్పేమిటి?

న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మన వంటింట్లోనే ఉంది. ప్రెషర్ కుక్కర్‌లో సేఫ్టీ ప్లగ్ కరిగిపోయిందని అక్కడ మేకు బిగిస్తామా? ఆ చిన్న ప్లగ్ కరగబట్టే కుక్కర్ పేలకుండా ఆగింది. ఇనుప చెయ్యీ అంతే. అది వంగి దెబ్బను తన మీద వేసుకుంటుంది. దాన్ని మరీ మొండిగా చేస్తే ఆ దెబ్బ వెళ్ళి ఫ్రేముకి తగులుతుంది. అప్పుడు చెయ్యి ఖర్చుతో పోయేది కారు ఖర్చుకొస్తుంది.

రెండోది డబ్బు సంగతి. ఒకరికి గట్టి చేతులు వేసుకోవడానికి ఒప్పుకుంటే రేపు అందరూ వేసుకోవాలి. ఎల్లుండి ఇంకొకరు అంతకన్నా ఖరీదైనవి తెస్తారు. పిల్లల ఫీజులూ, ఇంటి వాయిదాలూ పోగా మిగిలినదాంతో ఆడుకునేవాళ్ళు ఇంటికి పోవాల్సిందే.

అలాగని ప్రాణం విషయంలో పిసినారితనం లేదు సుమా! లోపల ఇనుప పంజరం, బిగుతైన బెల్టులు, హెల్మెట్ తప్పనిసరి. మనిషిని కాపాడేవి ఎంతైనా కావాలి, వేగం పెంచేవి మాత్రం కుదరదు. అదీ లెక్క.

అనుమానముంటే విప్పించవచ్చు

పందెం అయ్యాక కార్లను తూకం వేస్తారు, కొలతలు చూస్తారు. పక్కవాడి కారుమీద అనుమానం ఉంటే ఫిర్యాదు చేయవచ్చు. కానీ విప్పి బిగించే ఖర్చుకి ముందే డబ్బు కట్టాలి. కారు సవ్యంగా ఉంటే ఆ ఖర్చు ఫిర్యాదు చేసినవారిదే. తేడా ఉంటే కారు యజమానిది. ఉత్తినే నోరు పారేసుకోవడానికి వీల్లేదన్నమాట! 2014 జాతీయ ఫైనల్స్‌లో, ఇంజను భాగం ఒకటి నియమాలకు సరిపోలేదని ముందు వరుసలో వచ్చినవారిలో కొందరిని అనర్హులుగా ప్రకటించారు.

గులాబీ రంగు కారు విజేత

ఈ క్లబ్బులో జాతీయ చాంపియన్ అయిన మొదటి మహిళ డోనా మే మిమ్స్. కార్లు అమ్మే సంస్థలో ఉద్యోగిని. 1963లో గులాబీ రంగు ఆస్టిన్ హీలీ స్ప్రైట్ నడిపి మగవాళ్ళందరినీ దాటేసింది. ఆ బుల్లి కారు ఇంజను 948 సీసీ. వెనకవైపు మన లారీలకుండే కమాన్ పట్టీల్లాంటివే చిన్నవి ఉండేవి. చిన్న కార్లకి చిన్న కార్లతోనే పోటీ పెట్టడం వల్ల ఆవిడ నేర్పు లోకానికి తెలిసింది. పెద్ద ఇంజన్లతో కలిపేసి ఉంటే ఆ పేరు వినిపించేదా?

మన కారుకీ పనికొచ్చే చిట్కాలు

* వెనక టైరు ఒకవైపే అరుగుతుంటే టైరు మార్చి ఊరుకోకండి. అలైన్‌మెంట్, బుష్‌లు చూపించండి.

* పెద్ద గుంతలో పడ్డాక కారు ఒకవైపు లాగుతున్నా, గతుకుల్లో కొత్తగా టకటక శబ్దం వస్తున్నా వెంటనే షెడ్డుకి పంపండి.

* కారు మూల చేత్తో నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగాలి. ఊగుతూనే ఉంటే షాకబ్జార్బరు నీరసించినట్టే.

* షాకబ్జార్బర్లు ఎప్పుడూ జతగా మార్పించాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే కారు కుంటుతుంది.

* వంగిన ఇనుప చేతిని కాల్చి సాగదీస్తామంటే వద్దనండి. కొత్తది వేయించి, తీసేసిన పాతది అడిగి చూడండి.

మనకి పందేలు లేకపోవచ్చు. కానీ వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలే కదా!