పేరును పక్కన పెట్టిన మనిషి



మన సంఘములలో ఉజ్జీవ సభలు జరిగేటప్పుడు ముందుగా కరపత్రములు అచ్చు వేయిస్తాము. ప్రసంగీకుల పేర్లు, పేరుకు ముందు బిరుదులు, పేరు వెనుక చదువులు అన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసిన తరువాతనే కాగితము ప్రెస్సుకు వెళ్తుంది. కొన్నేళ్ల క్రితము ఒక సభ కరపత్రములో నా పేరు అందరికంటె కింద, చిన్న అక్షరములలో పడింది. ఆ రాత్రి వాక్యము చెప్పడానికి లేచి నిలబడ్డాను గాని, నా మనస్సు మాత్రము ఆ కాగితము మీదనే ఉంది. నాకిచ్చిన అంశము ఏమిటో తెలుసా? దీనత్వము! ఇంటికి వచ్చాక నా భార్య ఒక్క మాట అనలేదు. ఆ కరపత్రమును మడిచి నా బైబిలులో పెట్టింది. అది ఈనాటికీ అక్కడే ఉంది.

అది కంటబడినప్పుడల్లా నాకు ఒక మనిషి గుర్తుకు వస్తాడు. ఆయన బోధకుడు కాడు. యూదుడైన తండ్రికి పుట్టినవాడు. మన విశ్వాసమును ఒప్పుకొన్నవాడు కూడ కాడు. అమెరికా దేశములో పేరుమోసిన సినిమా నటుడు. పేరు పాల్ న్యూమన్. ఆయన సినిమాల సంగతి నేను చెప్పబోవడము లేదు. ఆయనతో కలిసి కార్ల పందెములలో పాల్గొన్న మామూలు మనుషులు ఆయనను ఎలా జ్ఞాపకము చేసుకొంటారో, అదే ఈ నెల మనము ఆలోచించవలసిన విషయము.

నలభై ఏడేళ్ల కొత్త విద్యార్థి

న్యూమన్ 1925 జనవరి 26న ఓహియో రాష్ట్రములోని క్లీవ్‌లాండ్ ప్రాంతములో పుట్టారు. తండ్రికి ఆటల సామాగ్రి అమ్మే దుకాణము ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో నౌకాదళములో పనిచేసి, తరువాత నటనలోకి వచ్చి, దేశమంతటికీ తెలిసిన ముఖమయ్యారు. 1969లో విడుదలైన ‘విన్నింగ్’ అనే సినిమాలో ఆయనది పందెపు కారు నడిపే వేషము. ఆ వేషము కోసము పందెపు కారు నడపడము నేర్చుకొన్నారు. సినిమా అయిపోయింది గాని ఆ ఇష్టము పోలేదు. 1972లో, నలభై ఏడేళ్ల వయస్సులో, కనెక్టికట్ రాష్ట్రములోని థాంప్సన్ అనే చోట మొదటిసారి నిజమైన పందెములో పాల్గొన్నారు.

ఆ దేశములో 1944లో ఏర్పడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా అనే సంస్థ ఇటువంటి పందెములు నడుపుతుంది. వీటిలో పాల్గొనేవారిలో ఎక్కువమంది జీతము కోసము నడిపేవారు కారు. వారమంతా షెడ్డులోనో, దుకాణములోనో, ఆసుపత్రిలోనో తమ పని చేసుకొని, సెలవు రోజున తమ కారును ట్రెయిలరు మీద పెట్టి తెచ్చుకొనేవారు. తమ టైర్లు తామే మార్చుకొంటారు, చేతులకు గ్రీజు తామే పూసుకొంటారు. గెలిచినా ఒక కప్పు, నలుగురి చప్పట్లు తప్ప పెద్దగా వచ్చేదేమీ లేదు. మన పల్లెలలో సంక్రాంతికి ఎడ్ల పందెములు చూసినవారికి ఈ సంబరము నేను వేరే చెప్పనక్కరలేదు.

అటువంటి చోటికి వచ్చిన ఈ గొప్ప నటుడు తన పేరును ‘పి. ఎల్. న్యూమన్’ అని వ్రాయించుకొన్నారు. పాల్ లియొనార్డ్ అనే పేరుకు పొడి అక్షరములు అవి. జాబితా చదివేవారు ఆగి చూడకుండా సాగిపోవాలని ఆయన కోరిక. తోటివారు కూడ ఆయనను ‘పి. ఎల్.’ అనే పిలిచేవారు.

తోటివారి మాటలు

ఆయనతో పందెములాడినవారు చెప్పుకొన్న సంగతులలో మళ్లీ మళ్లీ వినిపించేది ఒకటే. ఆయన అక్కడ నటుడుగా మెలగలేదు. సినిమాల మాట ఎవరైనా ఎత్తితే అంతగా ఇష్టపడేవారు కాదు. టైర్లను గూర్చి, ఇంజనును గూర్చి, ఫలానా మలుపులో బ్రేకు ఎక్కడ తొక్కాలో అనే విషయమును గూర్చి మాత్రము ఎంతసేపైనా కూర్చొని మాట్లాడేవారు. మొదట్లో ఆయన వేగముగా నడిపేవారు కాదు. మెల్లగా నేర్చుకొన్నారు. తనకంటె వయస్సులో చిన్నవారైనా, బాగా నడిపేవారి దగ్గర అడిగి తెలుసుకొన్నారు. కనెక్టికట్‌లో డాట్సన్ కార్ల వ్యాపారము చేస్తూ పందెములాడే బాబ్ షార్ప్ జట్టులో చేరి, ఏళ్ల తరబడి ఆ జట్టు కార్లు నడిపారు. ఆటలలో గాని నాట్యములో గాని తనకు ఎన్నడూ పట్టుబడని ఒడుపు స్టీరింగు వెనుక కూర్చున్నప్పుడే దొరికిందని ఆయన చెప్పుకొనేవారు.

ఎందుకు అంతగా ఇష్టపడ్డారు? నాకు తోచినది చెబుతాను. సినిమా లోకములో అందరూ ఆయన ముఖము చూసి మెచ్చుకొంటారు. ఆ మెప్పులో ఎంత నిజమో ఎవరికి తెలుసు? గడియారమునకు అలాంటి మొహమాటము లేదు. నీవు ఎవరి కొడుకువి, నీ బిరుదేమిటి అని అది అడగదు. ఆలస్యముగా వస్తే ఆలస్యమనే చూపిస్తుంది. ఆయన తన్ను తాను ఆ గడియారము ముందు, తోటివారితో సమానముగా నిలబెట్టుకొన్నారు.

ఆయనకు బాగా ఇష్టమైన పందెపు బాట కనెక్టికట్‌లోని లైమ్ రాక్ పార్క్. 1957లో మొదలైన ఈ బాట పొడవు సుమారు రెండున్నర కిలోమీటర్లు. చూడవచ్చినవారికి మెట్ల వరుసలు లేవు. గడ్డి మేటల మీద దుప్పటి పరచుకొని పిల్లలతో కూర్చోవలసిందే. దగ్గరలోనే ఆ ఊరి దేవాలయము ఉంది. ఆదివారపు మోత గురించి ఊరివారు న్యాయస్థానమునకు వెళ్లగా, 1959లో ఆదివారము పందెములు జరపరాదని తీర్పు వచ్చింది. ఎంత గొప్పవాడి కారైనా అక్కడ ఆదివారము పందెమునకు దిగరాదు.

గెలుపులు

ఆయన వట్టి సరదాకు తిరిగినవారు కారు. 1976, 1979, 1985, 1986 సంవత్సరములలో, నాలుగు సార్లు, తన తరగతిలో ఔత్సాహికుల జాతీయ విజేతగా నిలిచారు. చివరి రెండు గెలుపుల నాటికి అరవై దాటినవారు. 1979లో ఫ్రాన్సు దేశములోని లె మాన్‌లో, ఇరవై నాలుగు గంటలు సాగే పందెములో, మరి ఇద్దరితో కలిసి పోర్షే కారు నడిపి రెండవ స్థానము పొందారు. కాని అక్కడ ఫోటోలు తీసేవారి తాకిడి ఆయనను విసిగించింది. మరి ఆ పందెమునకు వెళ్లలేదు. 1995లో, డెబ్బై నిండిన కొద్ది రోజులకే, డేటోనాలో జరిగిన ఇరవై నాలుగు గంటల పందెములో ఆయన జట్టు తన తరగతిలో మొదటిదిగా వచ్చింది.

పేరు దేనికి పనికివచ్చింది?

తన పేరును ఇలా దాచుకొన్న మనిషే ఇంకొక చోట దానిని పెద్ద అక్షరములతో అచ్చు వేయించారు. ఇంటిలో తయారు చేసుకొన్న సలాడ్ రసమును సీసాలలో పోసి క్రిస్మస్‌కు ఇరుగుపొరుగువారికి ఇచ్చేవారు. 1982లో, స్నేహితుడైన రచయిత ఎ. ఇ. హాచ్నర్‌తో కలిసి, దానిని అమ్మకానికి పెట్టారు. సీసా మీద న్యూమన్ పేరు, న్యూమన్ బొమ్మ. కాని లాభములో ఒక్క డాలరు కూడ తనకు ఉంచుకోలేదు. మొదటి ఏడాది లాభము మూడు లక్షల డాలర్లు దాటగా అంతా దానధర్మములకే ఇచ్చివేశారు. నాటి నుండి నేటి వరకు ఆ విధముగా ఇచ్చినది అరవై కోట్ల డాలర్లకు పైమాటే. 1988లో కనెక్టికట్‌లోని యాష్‌ఫర్డ్‌లో, క్యాన్సరు వంటి పెద్ద జబ్బులతో బాధపడే పిల్లలు ఉచితముగా వచ్చి ఆడుకొనేందుకు ఒక శిబిరము ప్రారంభించారు.

ఆ శిబిరములో జరిగినట్టు తరచు చెప్పుకొనే ఒక సంగతి ఉంది. భోజనపు బల్ల దగ్గర ఒక పిల్లవాడికి ఆయన ఎవరో తెలియలేదు. పెద్దలు నిమ్మరసము డబ్బా మీది బొమ్మను చూపించారు. ఆ దేశములో తప్పిపోయిన పిల్లల బొమ్మలు పాల డబ్బాల మీద వేసే అలవాటు ఉండేది. పిల్లవాడు బొమ్మను చూసి, ఆయనను చూసి, జాలిగా, మీరు తప్పిపోయారా అని అడిగాడట!

తనకు లాభము కలిగే చోట పేరును తగ్గించుకొన్నారు. ఇతరులకు లాభము కలిగే చోట అదే పేరును అప్పుగా ఇచ్చారు. నేను నేర్చుకొన్నది ఇదే. నేనైతే ఆ కరపత్రము దగ్గర దీనిని తలక్రిందులు చేశాను.

మరొక ప్రక్క

ఆయనను దేవదూతగా చూపించడము నా ఉద్దేశము కాదు. ఆయనకు ఒక్కడే కుమారుడు, స్కాట్. మొదటి వివాహము వలన కలిగినవాడు. ఆ వివాహము నిలువలేదు. తండ్రి గొప్ప పేరు ఆ కుమారుని భుజముల మీద బరువుగా కూర్చొన్నది. 1978 నవంబరులో, ఇరవై ఎనిమిదేళ్ల వయస్సులో, సారాయి, మందుబిళ్లలు మితిమీరి స్కాట్ చనిపోయాడు. తండ్రి ఆ తరువాత యువకులను మత్తు నుండి కాపాడే పనికి కుమారుని పేరుతో ఒక సంస్థ స్థాపించారు. 2022లో అచ్చయిన ఆయన ఆత్మకథలో ఆ నేరభావము, తన త్రాగుడు, తండ్రిగా తన లోపములు దాచకుండా ఉన్నాయి. పందెపు బాట మీద సులభముగా దించుకొన్న ఆ పేరును ఇంటి గడప దగ్గర దించుకోవడము ఆయనకూ కష్టమైంది. తండ్రులారా, ఇక్కడ కొంచెము ఆగండి. సంఘములో పెద్దగా, ఊరిలో పేరుగల మనిషిగా ఉన్న మనము, మన పిల్లల ఎదుట ఎవరిగా ఉన్నాము?

న్యూమన్ 2007లో కూడ, ఎనభై రెండేళ్ల వయస్సులో, పందెములలో పాల్గొన్నారు. 2008 ఆగస్టులో, క్యాన్సరుతో నీరసించిన శరీరముతో, లైమ్ రాక్‌కు వచ్చి చివరిసారి తన కారు నడిపారు. ఆ సెప్టెంబరు 26న కన్ను మూశారు. లోకము ఒక నటుని గూర్చి ఏడ్చింది. ఆ బాట మీది మనుషులు తమ ‘పి. ఎల్.’ కోసము ఏడ్చారు.

విందులో కడపటి చోట కూర్చోమని మన ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో నేర్పించాడు. నేర్పించి ఊరుకోలేదు. నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగాడు. తన మహిమను విడిచి మన మధ్యకు దిగి వచ్చాడు. ఆయనను ఎరుగని ఒక మనిషిలోనే ఈ గుణము ఇంత అందముగా కనబడితే, ఆయన నామము ధరించిన మనలో ఎంతగా కనబడాలి!

నా బైబిలులోని ఆ కరపత్రమును నేను పారవేయలేదు. ప్రసంగమునకు లేచే ముందు ఒకసారి విప్పి చూసుకొంటాను. కింద, చిన్న అక్షరములలో ఉన్న ఆ పేరు ఇప్పుడు నాకు అంత చిన్నదిగా కనబడదు.

ప్రభువు మనకందరికి అట్టి దీనమనస్సును అనుగ్రహించునుగాక. ఆమేన్.