ఉమ్మడి కంప్యూటర్లలో స్వయంచాలక నవీకరణలు: ఆవశ్యకత - అమలు విధానం

1. ఉపోద్ఘాతం:

విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో, శాఖల ప్రయోగశాలల్లో ఒకే కంప్యూటరును రోజుకు పలువురు పరిశోధకులు వినియోగిస్తారు. సొంత కంప్యూటరులో నవీకరణ సూచన కనిపిస్తే నిర్ణయం యజమానిదే. ఉమ్మడి కంప్యూటరులో మాత్రం ఆ సూచనను చూసిన ప్రతివారూ అది తమ బాధ్యత కాదని పక్కన పెడతారు. అందువల్ల ఇక్కడ నవీకరణలు స్వయంచాలకంగా జరగడం అవసరం. అయితే వాటిని ఏ క్రమంలో, ఏ వేళలో అమలు చేయాలన్నది పరిశీలించవలసిన అంశం.

2. జాప్యం - తొందరపాటు:

విండోస్‌లోని ఒక భద్రతాలోపాన్ని సరిదిద్దే నవీకరణను మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14న విడుదల చేసింది. అదే లోపం ఆధారంగా మే 12న ‘వాన్నాక్రై’ వ్యాపించింది. బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఇది జాప్యం వల్ల కలిగిన నష్టం.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ 2024 జులై 19న కనిపించింది. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన లోపభూయిష్టమైన నవీకరణ ఒకటి సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను స్తంభింపజేసింది. నవీకరణను అన్ని యంత్రాలకూ ఒకేసారి పంపడంలోని ప్రమాదాన్ని ఈ ఘటన తెలియజేస్తుంది.

3. అమలు విధానం:

3.1 దశలవారీ విడుదల: ముందుగా ఒకటి రెండు కంప్యూటర్లలో నవీకరణ జరిపి, కొన్ని రోజులు పరిశీలించిన తరువాతే మిగిలినవాటికి విస్తరించాలి. విండోస్‌లో నెలవారీ నవీకరణలను 30 రోజుల వరకు వాయిదా వేసే వీలు నిర్వాహకులకు ఉంది. ఉబుంటులో ‘అనటెండెడ్ అప్‌గ్రేడ్స్’ భద్రతా నవీకరణలను తనంతట తానే స్థాపిస్తుంది.

3.2 తెలుగు పరీక్ష: పరీక్షా యంత్రంలో యూనికోడ్ పత్రాన్నీ, అను ఫాంట్లలో కూర్చిన పాత పత్రాన్నీ తెరిచి, ఒత్తులు, పుటల విభజన, ముద్రణ సరిచూడాలి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’కు సంబంధించిన ఒక సంకేతక్రమం తెరపైకి రాగానే ఐఫోన్లలో కొన్ని అనువర్తనాలు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6 నవీకరణ ఆ లోపాన్ని సరిదిద్దింది. లిపి ప్రదర్శనకూ వ్యవస్థా సాఫ్ట్‌వేర్‌కూ ఉన్న సంబంధం దీనివల్ల స్పష్టమవుతుంది.

3.3 పునఃప్రారంభ సమయం: అనేక నవీకరణలు యంత్రం పునఃప్రారంభమైన తరువాతే అమలులోకి వస్తాయి. పగటివేళ అది జరిగితే భద్రపరచని సిద్ధాంతగ్రంథ భాగం పోయే ప్రమాదం ఉంది. రాత్రికి నిర్ణయిస్తే, గది మూసేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టివేయడం వల్ల నవీకరణ జరగనే జరగదు. కాబట్టి వారంలో ఒక సాయంత్రాన్ని ఇందుకు కేటాయించి, ఆ వేళను తలుపు మీద ప్రకటించి, ఆ రోజు విద్యుత్తు కొనసాగేలా సిబ్బందికి తెలపాలి.

3.4 పూర్వస్థితి సాఫ్ట్‌వేర్: పునఃప్రారంభించిన ప్రతిసారీ కంప్యూటరును పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ కొన్ని ప్రయోగశాలల్లో ఉంటుంది. అది విద్యార్థులు చేసిన మార్పులతో పాటు నవీకరణలనూ తుడిచివేస్తుంది. నిర్ణీత వేళలో దానిని సడలించి, నవీకరణ పూర్తయ్యాక తిరిగి అమలుచేయాలి.

4. ముగింపు:

స్వయంచాలకత నవీకరణ శ్రమను తగ్గిస్తుందే గాని పర్యవేక్షణ అవసరాన్ని తొలగించదు. ఏ యంత్రం ఎప్పుడు నవీకరణ పొందిందో నెలకొకసారి సరిచూసి నమోదు చేసే బాధ్యతను ఒక వ్యక్తికి అప్పగించాలి. ఆ బాధ్యుడు లేనిచోట స్వయంచాలక వ్యవస్థ ఆగిపోయినా ఎవరికీ తెలియదు. అప్పుడు నష్టపోయేది ఆ కంప్యూటరులో ఏళ్ల తరబడి సేకరించిన పరిశోధన సామగ్రి.