బండి తాగిన నీళ్లు ఎటు పోయాయి?

"బండి నీళ్లు తాగుతోంది మేస్త్రీ." విజయవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్ల ముందు తరచూ వినపడే మాట ఇది. ఆయిల్ తాగుతోందని ఒకరు, డీజిల్ తాగేస్తోందని ఇంకొకరు వస్తారు. చాలాసార్లు వాళ్లకు దొరికే జవాబు ఒకటే: ఇంజను దించాలి. ఇది తొందరపాటని నా నమ్మకం. పోసిన లీటర్లు మాయం కావు, ఎక్కడికో వెళతాయి, వెళ్లిన దారిలో గుర్తు వదులుతాయి. ఆ గుర్తు పోల్చుకోవాలంటే డీజిల్ ఇంజను పుట్టుక కాస్త తెలియాలి.

దాన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో పుట్టిన జర్మన్. ఆవిరి యంత్రం బొగ్గు వేడిలో సుమారు పదో వంతునే పనిగా మార్చి మిగతాదంతా గాలికి వదిలేయడం ఆయనకు నచ్చలేదు. సైకిలు పంపు కొట్టినవాళ్లకు దాని గొట్టం వేడెక్కడం తెలుసు. గాలిని ఇంకా బలంగా నొక్కితే, అందులో చల్లిన ఇంధనం నిప్పురవ్వ అవసరం లేకుండానే అంటుకుంటుంది. 1893 ఆగస్టు 10న ఆగ్స్‌బర్గ్‌లో తొలి నమూనాలో అలాగే అంటుకుంది. ఆ దెబ్బకు పీడనం కొలిచే పరికరం పగిలిపోయింది. 1897 ఫిబ్రవరిలో పరీక్షకు నిలిచిన ఇంజను 26 శాతం వేడిని పనిగా మార్చి చూపింది. తన ఇంజనుకు చల్లబరిచే నీరు అక్కర్లేదని డీజిల్ మొదట్లో అనుకున్నాడు. ప్రయోగాలు అందుకు ఒప్పుకోలేదు, సిలిండర్ చుట్టూ నీళ్లు తిప్పక తప్పలేదు.

ఇంధనాన్ని లోపలికి ఊదడానికి ఆ రోజుల్లో పెద్ద గాలి కంప్రెషర్ కావాలి. అంత బరువును లారీ మోయలేదు. రాబర్ట్ బాష్ సంస్థ 1927లో ఇంజెక్షన్ పంపులను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాకే డీజిల్ ఇంజను రోడ్డు మీద నిలదొక్కుకుంది. నిప్పు, నూనె, నీళ్లు ఒకే ఇంట్లో కాపురం. మధ్య గోడ కొన్ని మిల్లీమీటర్ల ఇనుము, ఒక గ్యాస్కెట్, కొన్ని రబ్బరు రింగులు.

ఆ గోడకు అన్నిటికంటే వింతగా చిల్లు పడేది పిస్టన్ ఆడే గొట్టంలో, అంటే లైనర్‌లో. పిస్టన్ పక్కకు కొట్టిన ప్రతిసారీ లైనర్ అదురుతుంది. దాని బయటి గోడ నీటి నుంచి క్షణంలో ఎంతో చిన్న భాగంలో వెనక్కి జరుగుతుంది, అక్కడ ఆవిరి బుడగలు పుడతాయి. గోడ తిరిగి రాగానే అవి పేలి ఇనుమును పొడుస్తాయి. లక్షల పోట్లకు గుండుసూది మొనంత గుంటలు పడి, ఒకనాటికి అవతలి వైపు తేలతాయి. నీళ్లు ఆయిల్‌లో కలిసి పాలకాఫీ రంగు వస్తుంది. కూలెంట్‌లో కలిపే మందులు లైనర్ మీద సన్నని పొర కట్టి ఈ పోట్లను ఆపుతాయి. బోరు నీళ్లు పోసి సర్దుకునే బండిలో ఆ పొర ఉండదు, పైగా ఉప్పు పేరుకుంటుంది. కూలెంట్ డబ్బు మిగిలిందనుకునే యజమాని లైనర్‌కు అంతకు ఎన్నో రెట్లు కట్టాల్సి వస్తుంది.

రంగు మారిన ఆయిల్ కనబడగానే హెడ్ గ్యాస్కెట్ మీద నేరం మోపకూడదు. ఆయిల్ కూలర్ పగిలినా అంతే. ఇంజను నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి నూనె రేడియేటర్‌లోకి పోతుంది. ఆపాక ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, వేడి నీటికి మాత్రం ఒత్తిడి కాసేపు ఉంటుంది, అప్పుడు నీళ్లు ఆయిల్ చాంబర్‌లోకి దిగుతాయి. రేడియేటర్‌లో నూనె తెట్టు తేలితే ముందు చూడాల్సింది కూలర్‌నే.

రేడియేటర్‌లో బుడగలొచ్చినా ఇలాగే మోసపోతాం. బ్రేకులకు గాలి నింపే కంప్రెషర్ హెడ్‌ను చాలా లారీల్లో ఇంజను నీళ్లే చల్లబరుస్తాయి. అది చీలితే బ్రేకు గాలి నీళ్లలోకి చేరుతుంది. కంప్రెషర్‌కు వెళ్లే నీటి గొట్టాలను తప్పించి కొద్దిసేపు నడిపితే బుడగలు ఆగాయా, ఇంజను హెడ్ నిర్దోషి. అదే కంప్రెషర్ రింగులు అరిగితే ఇంజను ఆయిల్‌ను గాలి ట్యాంకుల్లోకి తోస్తుంది. ట్యాంకు కింది వాల్వు తిప్పితే నూనె బయటపడుతుంది. వీటికి ఇంజను దించక్కర్లేదు.

నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. అంతమాత్రాన ఇంజను బోరుకు వచ్చిందనుకోవద్దు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే టర్బో సీలు దాటించి ఆయిల్‌ను లాక్కుంటుంది. ఇక డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గితే కంగారుపడేవాళ్లు పెరిగితే పట్టించుకోరు. నిజానికి పెరగడమూ ప్రమాదమే. డీజిల్ గానీ నీళ్లు గానీ కలిసి ఆయిల్ పలచబడి బేరింగులు తినేస్తుంది.

మైలేజీ పడిపోయిన బండిలో తప్పు తరచుగా ఇంజను బయటే ఉంటుంది: వదలని బ్రేకులు, గాలి తగ్గిన టైర్లు, జారే క్లచ్. కొంతదూరం నడిపాక ఒక డ్రమ్ము మిగతావాటికంటే వేడిగా ఉంటే ఇంజెక్టర్లను తర్వాత చూడవచ్చు.

బయటికి కారే కొద్దిపాటి నీళ్లు వేడి ఇంజను మీదే ఆవిరైపోయి కనబడవు. అందుకే లారీ సోదరులకు ఒక మనవి: తెల్లవారి స్టార్టు చేయకముందే బండి కింద నేల చూడండి, డిప్‌స్టిక్ తీయండి, ఏది ఎంత పోశారో తేదీ వేసి రాసుకోండి. షెడ్డుకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకెళ్లండి. రేడియేటర్ మూత మాత్రం ఇంజను చల్లారాకే తెరవండి.