బూజుమందులో యాంటీబయాటిక్ కలుపుటకు ముందు

మిరపచేనిలో ఆకుమచ్చ కనబడగానే వాడరేవు, చీరాల, పర్చూరు ప్రాంతములలో పలువురు కాపర్ ఆక్సీక్లోరైడ్‌తోపాటు స్ట్రెప్టోసైక్లిన్ పొట్లమును గూడ తెచ్చి కలిపి చల్లుట వాడుక. మొదటిది బూజు తెగుళ్ల మందు; బాక్టీరియాను గూడ కొంత అణచును. రెండవది స్ట్రెప్టోమైసిన్ తొమ్మిది పాళ్లు, టెట్రాసైక్లిన్ ఒక పాలు చేరిన యాంటీబయాటిక్. క్షయరోగులకు వైద్యులు సూదిమందుగా ఇచ్చు స్ట్రెప్టోమైసిన్ ఇదియే.

కావున ముందు తెగులేదో తెలిసికొనవలెను. పత్తి ఆకుపై ఈనెల నడుమ నీటితో తడిసినట్లు కోణాకారపు మచ్చలు పుట్టి, నల్లబడి, కొమ్మలుకూడ నల్లబారినచో అది బాక్టీరియా తెగులు. మిరప కాయపై గుంటపడిన వలయపు మచ్చ కాయకుళ్లు. అది బూజువలన వచ్చును. దానికి యాంటీబయాటిక్ దండుగ. మిరప ఆకులు పైకి ముడుచుకొనుట తామరపురుగు పని, క్రిందికి ముడుచుకొనుట నల్లి పని. ముడతకు ఈ పొట్లము కొని చల్లిన పైకము నేలపాలే. వైరస్ తెగులుకును ఇది పనిచేయదు.

అవసరము లేకుండ మాటిమాటికి చల్లినచో బాక్టీరియా ఈ మందుకు అలవాటుపడి లొంగకుండపోవును. పైరుకే కాదు, రేపు మన బిడ్డకు జబ్బు చేసినప్పుడును మందు పారకపోవచ్చును. ఈ కారణముననే 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయశాఖ సేద్యములో దీని వాడుకను నిషేధించుటకు ముసాయిదా ఉత్తర్వు వెలువరించి, 2024 జనవరి 1 నుండి పూర్తిగా ఆపవలెనని ప్రతిపాదించినది. పది లీటర్ల నీటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ 30 గ్రాములు, స్ట్రెప్టోసైక్లిన్ 1 గ్రాము అను పాత సిఫారసును పుస్తకములో చూచి దుకాణమునకు పోవలదు. మచ్చపడిన ఆకులు నాలుగు కోసికొని మొదట మీ వ్యవసాయాధికారి యొద్దకు పోవుడు. కాపర్ మందు ఒక్కటే చాలునని ఆయన చెప్పవచ్చును.

ఇంట పాత పొట్లమున్నచో వంటగదిలోను, మాత్రల డబ్బాలోను ఉంచరాదు. పొట్లము చిన్నది, చూచుటకు ఇంటిమందువలెనే యుండును. పుండుపై చల్లుట, పశువులకు నీళ్లలో కలిపి త్రాగించుట పనికిరాదు.

కాపర్ మందు ఇనుమును తినివేయును గనుక ప్లాస్టిక్ బకెట్టులో కలుపవలెను. చేతితో గాక కర్రతో త్రిప్పవలెను. చేతికి తొడుగులు, ముక్కుకు నోటికి గుడ్డ, కంటికి అద్దములు అవసరము. సముద్రపుగాలి లేచిన తరువాత చల్లరాదు. చల్లునప్పుడు గాలికి ఎదురు నడువరాదు. బీడీ, తాంబూలము చేతులు సబ్బుతో కడుగుకొన్న పిమ్మటనే. కంటిలో పడినచో పావుగంటసేపు మంచినీటితో కడిగి, మందు కాగితముతోసహా ఆసుపత్రికి పోవలెను. ఒంటిపై దద్దురు లేచినను, ఊపిరి బిగిసినను ఆలస్యము చేయరాదు.

వాడరేవు ఇసుక నేలలలో దొరువునీరు పైపైననే యుండును. పిచికారీని దొరువు గట్టున కడిగినచో మందు ఆ నీటిలోనికే దిగును. కడిగిన నీటిని దొరువుకు దూరముగా, చేనిలోనే పారబోయుడు.