బట్టీ ఒకచోట, వెలుగు ఇంకొకచోట
ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌తో ఏ గదిలోనైనా ఆట

పిడుగురాళ్ల: సున్నపు బట్టీ ఊరి చివర కాలుతుంది. ఆ సున్నం లారీ ఎక్కి ఎక్కడో గుంటూరులోనో, ఒంగోలులోనో గోడకు తెల్లదనం ఇస్తుంది. గోడ ఉన్నచోటే బట్టీ పెట్టాలని ఎవరూ అనరు. కంప్యూటర్ ఆటల సంగతి కూడా ఇప్పుడు అలాగే తయారయింది. మేడమీద గదిలో కంప్యూటర్ నడుస్తుంటే ఆ ఆటను కింద నట్టింట్లో టీవీ మీదనో, వసారాలో మంచంమీద కూర్చుని సెల్‌ఫోన్‌లోనో ఆడుకోవచ్చు. రెండో కంప్యూటర్ అక్కరలేదు. చాలామందికి తెలియని మరో సంగతి ఏమంటే, ఇందుకు ఇంటర్నెట్ డేటా కూడా ఖర్చు కాదు.

వీధికి ఒక వీసీఆర్ పెట్టి, అక్కడినుంచి వైరు లాగి పది ఇళ్ల టీవీలకు సినిమా వేసిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఇదీ దాదాపు అదే పద్ధతి. అయితే సినిమా ఒకవైపే వస్తుంది, చూసేవాడు ఊరికే చూస్తాడు. ఆటలో చూసేవాడి వేలు కూడా పనిచేయాలి. అతను కింద బటన్ నొక్కితే ఆ కబురు మేడమీది కంప్యూటర్‌కు చేరాలి, అది లెక్కకట్టి కొత్త బొమ్మ తయారు చేయాలి, దాన్ని కుదించి వీడియోగా మార్చి కిందికి పంపాలి. సాధారణంగా సెకనుకు 60 బొమ్మలు ఇలా దిగివస్తాయి. ఫోను చేసే పనల్లా వచ్చిన వీడియో చూపడం, నొక్కిన బటన్ చెప్పడం. అందుకే పెద్ద ఆటలు మోయలేని చవక ఫోను కూడా దీనికి పనికివస్తుంది.

ఈ వెసులుబాటు విలువ తెలిసేది ఖర్చు దగ్గరే. ఎకరం మిర్చికి పెట్టుబడి లక్ష దాటుతున్న రోజుల్లో ఇంజనీరింగ్ చదివే పెద్దవాడికి అప్పోసప్పో చేసి కంప్యూటర్ కొన్న ఇల్లు అనుకుందాం. సెలవుల్లో చిన్నవాడు తనకూ ఒకటి కావాలని పేచీ పెడతాడు. తన ఫోనులో ఆ ఆట ఎక్కదంటాడు. అతను చెప్పేది నిజమే, ఫోనులోకి ఎక్కదు. కానీ ఎక్కించవలసిన పనే లేదన్న సంగతి తండ్రికి తెలియక కాయలు అమ్మిన డబ్బులోంచి మరో కంప్యూటర్‌కు లెక్కలు వేస్తాడు. ఉచితంగా దొరికే ఒక చిన్న ప్రోగ్రామ్‌తో తీరే పేచీ అది.

సున్నం పేరుతో మొదలు

ఈ ప్రోగ్రాముల్లో రెండు బాగా వాడుకలో ఉన్నాయి. అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ తన స్టీమ్ ఆటల అంగడిలో ఇంటిలోపల ఆట పంపే సౌకర్యాన్ని 2014 మే నెలలో అందరికీ ఇచ్చింది. 2015లో ఇందుకోసం స్టీమ్ లింక్ అనే చిన్న పెట్టెను అమ్మింది. 2018లో ఆండ్రాయిడ్ ఫోన్లకూ టీవీలకూ అదే పేరుతో ఉచిత యాప్ తెచ్చింది. ఆ ఏడాదే పెట్టె అమ్మకం ఆపేసింది.

రెండోది మూన్‌లైట్. దీని కథ పిడుగురాళ్లవాసులకు ముచ్చటగా ఉంటుంది. అమెరికాలోని కేస్ వెస్టర్న్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఒక ప్రోగ్రామింగ్ పోటీలో దీన్ని మొదలుపెట్టారు. అప్పుడు పెట్టిన పేరు లైమ్‌లైట్, అంటే సున్నపు వెలుగు. కరెంటు దీపాలు రాకముందు, 19వ శతాబ్దంలో విలాయతీ నాటకశాలల్లో సున్నపు ముక్కను మండే వాయువుతో కాల్చేవారు. అది తెల్లగా మెరిసేది. ఆ వెలుగును వేదికపై నటుడిమీదికి మళ్లించేవారు. నలుగురి కళ్లలో పడినవాణ్ణి లైమ్‌లైట్‌లో ఉన్నాడనడం అక్కడినుంచే వచ్చింది. పేరు తర్వాత మూన్‌లైట్‌గా మారింది. సున్నం పోయి వెన్నెల మిగిలిందన్నమాట!

మూన్‌లైట్ మొదట ఎన్విడియా సంస్థ ఇచ్చిన సౌకర్యంమీద ఆధారపడి నడిచేది. 2023లో ఆ సంస్థ దాన్ని విరమించుకున్నది. అయినా ఆట ఆగలేదు. సన్‌షైన్ అనే మరో ఉచిత ప్రోగ్రామ్ కంప్యూటర్‌వైపు పనిని చేస్తున్నది. కంప్యూటర్‌లో సన్‌షైన్, ఫోనులో మూన్‌లైట్ పెట్టుకుంటే చాలు.

డేటా సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మంచి స్పష్టతతో ఆట పంపాలంటే సెకనుకు సుమారు 20 మెగాబిట్లు కావాలి. గంటకు అది 9 జీబీ. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాకేజీ వాడే ఇంటికి గుండె ఆగిపోయే లెక్క ఇది. కానీ ఆ 9 జీబీ ఇల్లు దాటి బయటకు పోదు. కంప్యూటర్ నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి ఫోనుకు, అంతే. 2017 డిసెంబర్ 27న ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ మొదట నెలకు 149 రూపాయలతో పల్లెలకు తీగ తెచ్చినప్పటినుంచి రౌటర్ పెట్టెలు చాలా ఇళ్లలోకి చేరాయి. బయటి తీగ తెగిపోయిన రోజు కూడా ఆ పెట్టెకు కరెంటు ఉంటే మూన్‌లైట్ నడుస్తుంది, ఆడే ఆట ఇంటర్నెట్ అడగనిదైతే.

గోడలు, దుమ్ము, ఎండ

అన్ని ఇళ్లలో ఒక్కసారే కుదురుతుందని అనుకోరాదు. ఆలస్యం దీనికి ప్రధాన శత్రువు. క్రికెట్ ఆటలో గంటకు 140 కిలోమీటర్ల వేగంతో బంతి వస్తున్నదనుకుంటే, బొమ్మ సెకనులో పదోవంతు ఆలస్యమయ్యేసరికి బంతి దాదాపు నాలుగు మీటర్లు ముందుకు వచ్చేసి ఉంటుంది. బ్యాటు తిప్పేలోపు వికెట్ పడుతుంది.

వై-ఫైలో రెండు దారులున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, కానీ ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అక్కడే గుమిగూడతాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా, శుభ్రంగా ఉంటుంది కానీ గోడలంటే దానికి పడదు. పల్నాటి పాత రాతి గోడలైతే చెప్పనక్కరలేదు. అందువల్ల కనీసం కంప్యూటర్‌నైనా రౌటర్‌కు తీగతో కలపడం మేలు. ఆ తీగ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది, ఏ ఇంటికైనా సరిపోతుంది. కొత్త రౌటర్ కొనమని సలహా ఇచ్చేవారు ఉంటారు. ముందు తీగ వేసి చూడటం చవక.

రెంటచింతల పక్కన ఉన్న ఈ ప్రాంతపు ఎండ సంగతి అందరికీ తెలిసిందే. ఆట ఆడే కంప్యూటర్ గదినే వేడెక్కిస్తుంది. దాన్ని గాలి తగిలే ఒక గదిలో ఉంచి ఆడేవాడు చల్లనిచోట కూర్చోవడం ఈ పద్ధతిలో దొరికే మరో సుఖం. బట్టీల దగ్గరి ఇళ్లలో కంప్యూటర్ ఫ్యానులో తెల్లని దుమ్ము పేరుకుంటుంది. నెలకోసారి దులపకపోతే బొమ్మలు తడబడతాయి, అప్పుడు నింద వై-ఫై మీద పడుతుంది.

ఆన్‌లైన్ ఆట అనగానే తల్లులకు పేకాట, అప్పులు గుర్తుకువస్తాయి. ఆ భయం ఊరికే పుట్టలేదు. రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఇంటిలోపల ఆట పంపుకోవడం దాని జోలికి పోదు. ఒక్క జాగ్రత్త ఉన్నది. ఫోనును కంప్యూటర్‌కు జతచేసేటప్పుడు ఒక అంకెల గుర్తు కనిపిస్తుంది. దాన్ని ఇంట్లోవారే నొక్కాలి. ఫోనుచేసి అడిగే బయటివాళ్లకు చెబితే కంప్యూటర్ తాళంచెవి చేతికిచ్చినట్లే.

ఇక చివరి చిక్కు. ఉన్నది ఒక్క కంప్యూటరే. కింద తమ్ముడు ఆడుతున్నంతసేపూ మేడమీద అన్న ఎదుట తెరమీద ఆ ఆటే కదులుతుంటుంది, అతని చదువు పని సాగదు. ఎవరికి ఏ గంటలో అన్నది ఇంటి పెద్దలే తేల్చాలి. అన్నకు సెమిస్టర్ పరీక్షలున్న నెలలో తమ్ముడు అటకమీది క్యారమ్ బోర్డు దించుకోవలసిందే.