కంటి తడి - కంఠగ్రంథి

కంటిలో ఇసుక పడినట్లు గరగర, మంట, ఎఱ్ఱదనము, వెలుగు చూడలేకపోవుట, గాలి తగిలినంతనే ధారగా నీరు కారుట - ఈ లక్షణములతో బాధపడువారు మన యిండ్లలో అరుదు కాదు. కొందఱు పొయ్యి పొగ యందురు; కొందఱు ఎండవేడి యందురు; మఱికొందఱు కంటి అద్దములు మార్చవలె నందురు. ఇవి యన్నియు ఒక్కొక్కప్పుడు నిజమే కావచ్చును. కాని కొందఱి విషయమున ఈ బాధకు మూలము కంటిలో లేదు. దానికి జానెడైన లేని దూరమున, కంఠమునందున్నది.

కన్నీరనగా దుఃఖము కలిగినప్పుడు జారునది మాత్రమే కాదు. మేలుకొని యున్నంతసేపు కనుగ్రుడ్డుపై సన్నని తడిపొర యొకటి పఱచుకొని యుండును. దాని అడుగున జిగురు పదార్థము, నడుమ నీరు, పైన నూనె గలవు. జిగురు ఆ నీటిని కంటికి అంటియుండునట్లు చేయును. నీరు ముఖ్యముగా కంటికి ఎగువన, వెలుపలి ప్రక్కనున్న అశ్రుగ్రంథి నుండి వచ్చును. ఱెప్పల అంచులలోని చిన్న గ్రంథులు స్రవించు నూనె ఆ నీటిని త్వరగా ఆవిరి కానీయదు. ఇల్లాలు నేలను అలికినట్లు, ఱెప్ప వాలిన ప్రతిసారియు ఈ పొరను కంటిపై సమముగా అలుకును. కావున నీరు చాలినంత ఊరవలెను. నూనె దానిని కాపాడవలెను. ఱెప్ప సంపూర్ణముగా మూతపడవలెను. థైరాయిడ్ వ్యాధి వీనిలో దేనినైనను చెఱుపగలదు. అందును ముఖ్యముగా మూడవదానిని.

పాఠ్యపుస్తకములలో అవటుగ్రంథి యనబడు థైరాయిడ్, సీతాకోకచిలుక ఆకారమున స్వరపేటికకు దిగువన శ్వాసనాళమును అంటియుండును. ఆహారములోని అయోడిన్‌ను గ్రహించి ఇది తయారుచేయు హార్మోనులు శరీరము యొక్క పనివేగమును నియమించును. అవి అధికమైనచో గుండెదడ, చేతుల వణకు, చెమట, ఎంత తినినను చిక్కిపోవుట కలుగును. తక్కువైనచో బద్ధకము, చలికి ఓర్వలేమి, మలబద్ధము, పొడి చర్మము కానవచ్చును.

గొంతువాపు, గుండెదడ, పొడుచుకొని వచ్చిన కన్నులు - ఈ మూడింటికి సంబంధమున్నదని పందొమ్మిదవ శతాబ్దమందే వైద్యులు గుర్తించిరి. డబ్లిన్ నగర వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లోను, జర్మనీలోని మెర్సెబర్గ్ పట్టణ వైద్యుడు కార్ల్ ఫాన్ బాసెడో 1840లోను ఇట్టి రోగులను వర్ణించిరి. అందువలన ఈ వ్యాధికి ఇంగ్లీషువారు గ్రేవ్స్ పేరును, జర్మనులు బాసెడో పేరును పెట్టుకొనిరి. ఇది పురుషులకంటె స్త్రీలలో అనేక రెట్లు ఎక్కువ.

ఇది శరీర రక్షణవ్యవస్థ దారి తప్పుటచే వచ్చు వ్యాధి. సూక్ష్మక్రిములను ఎదుర్కొనవలసిన ప్రతిరక్షకములు థైరాయిడ్ కణములపై నున్న గ్రాహకములకు అంటుకొని, ఆ గ్రంథిని విశ్రాంతి లేకుండ పనిచేయించును. అట్టి గ్రాహకములే కనుగ్రుడ్డు వెనుకనున్న కణజాలమునందును గలవు. అందుచే అచటను శోథ పుట్టి, కంటిని త్రిప్పు కండరములును కొవ్వును ఉబ్బును. కన్ను ఎముకల గుంటలో నున్నది గనుక వెనుకకు జరుగుటకు తావు లేక ముందుకు నెట్టబడును. పై ఱెప్ప పైకి లాగబడును. చూచువారికి ఆ ముఖము సదా ఆశ్చర్యపడుచున్నట్లు తోచును. ఱెప్పపాటులు తగ్గును. కొందఱికి నిద్రలో సైతము ఱెప్పలు కలియవు. మూతలేని పాత్రలో నీరు ఇగిరినట్లు, విప్పారిన కంటి తడి ఇగిరిపోవును. అశ్రుగ్రంథిని శోథ తాకినచో ఊరు నీరును తగ్గును.

ఇచట పలువురను భ్రమింపజేయు విషయమొకటి కలదు. "నా కంట నీరు కారుచుండగా, కన్ను ఎండినదందు రేమి?" అని రోగి అడుగును. ఎండిన కన్ను నొచ్చినప్పుడు అశ్రుగ్రంథి ఒక్కసారిగా నీటిని క్రుమ్మరించును. జిగురు, నూనె తగినంత లేని ఆ నీరు కంటిపై నిలువక చెంపపై జారిపోవును. వరద వచ్చి పోయిన పిమ్మట పొలము మరల బీటలు వారినట్లే యగును.

గ్రంథి మందగించినవారికిని కంటి పొడితనము రావచ్చును. 1912లో జపాను వైద్యుడు హషిమోతో వర్ణించిన థైరాయిడ్ శోథ గలవారిలో కొందఱికి, కన్నీటిని లాలాజలమును ఇంకజేయు షోగ్రెన్ వ్యాధియు తోడగుచుండును. కంటితోపాటు నోరును ఎండుచున్నచో ఆ మాట వైద్యునితో తప్పక చెప్పవలెను.

పరీక్ష కష్టమైనది కాదు. ఒట్టో షిర్మర్ 1903లో ప్రకటించిన పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. సన్నని కాగితపు ముక్కను క్రింది ఱెప్ప అంచున తగిలించి, 5 నిమిషములలో ఎంత దూరము తడిసినదో కొలుతురు. 5 మిల్లీమీటర్లకు లోపైనచో నీరు చాలలేదని భావింతురు. థైరాయిడ్ స్థితి రక్తపరీక్షచే తెలియును. అయితే కంటి వ్యాధి గ్రంథివ్యాధికి ముందుగాను, దానితో గూడను, తరువాతను రావచ్చును. ఒక్క పరీక్ష బాగున్నదని కంటి బాధను ఉపేక్షింపరాదు.

చికిత్స రెండు తావుల జరుగవలెను. కంఠమునందు, హార్మోనును సమస్థితికి తెచ్చుట. కంటియందు, కృత్రిమాశ్రు బిందువులు, రాత్రివేళ కంటి లేపనము, ఎండలో నల్లద్దములు, తలగడ ఎత్తుగా వేసికొనుట. ఫంకా గాలి సూటిగా ముఖమునకు తగులనీయరాదు. శోథ తీవ్రమైనచో స్టెరాయిడ్ మందులును, కొన్నియెడల శస్త్రచికిత్సయు అవసరమగును. అన్నింటికంటె ముఖ్యము పొగ మానుట. సిగరెట్టు, చుట్ట, బీడీ ఈ కంటి వ్యాధిని తీవ్రతరము చేయును. మందుల గుణమును తగ్గించును. ఎఱ్ఱదనము పోవుటకని అంగడిలో తెచ్చిన చుక్కలను స్వయముగా వేసికొనరాదు. వానిలో స్టెరాయిడ్ ఉన్నచో, వైద్యుని పర్యవేక్షణ లేక చిరకాలము వాడినప్పుడు నీటికాసులు, శుక్లములు కలుగవచ్చును.

కంటి తీవ్రమైన నొప్పి, నల్లగ్రుడ్డుపై తెల్లమచ్చ, వస్తువులు రెండుగా కనబడుట, రంగులు వెలిసినట్లు తోచుట, చూపు మందగించుట - వీనిలో ఏది కనబడినను మఱునాటికి వాయిదా వేయరాదు. మొదటి రెండును కంటిపొర పుండైనదనుటకు, చివరి రెండును దృష్టినాడి నలిగిపోవుచున్నదనుటకు గుర్తులు కావచ్చును. సకాలమున చికిత్స జరిగినచో చూపు పెక్కుసారులు దక్కును.

ఇంటిలో నొకరు కన్నులు మండుచున్నవని నెలల తరబడి చెప్పుచున్నచో, పొయ్యిని నిందించి ఊరకుండకుడు. గుండెదడ కలదా, చేతులు వణకుచున్నవా, పూర్వపు ఛాయాచిత్రముతో పోల్చినచో కన్నులు పెద్దవైనట్లున్నవా యని గమనింపుడు. నిత్యము చూచువారి కంటబడని మార్పును ఆ పాత పటము పట్టి చూపును. దానిని వెంటగొని వైద్యునియొద్దకు వెళ్ళుడు.